అక్వేరియం చేపలకు ఏ మేత కొనాలి? చెన్నైలో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అక్వేరియం చేపల అంగళ్లుండే కొళత్తూరు వెళ్తే చేపల్ని ఏరుకోవడానికే పూట గడిచిపోతుంది. తొట్టి తొట్టికీ ఆగి, తోక చూసి, రంగు చూసి, బేరమాడి కొంటాం. మేత దగ్గరికి వచ్చేసరికి మాత్రం కౌంటర్ మీద ఏ డబ్బా ఉంటే అది సంచిలో పడేసుకుని బండెక్కేస్తాం. విల్లివాక్కం, పెరంబూరు, అంబత్తూరు వైపు తెలుగు ఇళ్లలో తొట్టి పెట్టుకున్నవాళ్లు మేత గురించి అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను.

"అన్ని చేపలకూ పనికొస్తుంది" అని షాపులో ఒక డబ్బా ఇచ్చారు. నిజంగా పనికొస్తుందా?

చావవు. అంతకుమించి చెప్పలేను.

డబ్బా కన్నా ముందు చేప నోరు చూడండి. గప్పీ, మోలీ, ఫైటర్‌ల నోరు పైకి తిరిగి ఉంటుంది, అవి నీటి పైభాగంలో తింటాయి. టెట్రా, బార్బ్, ఏంజెల్ లాంటివాటి నోరు ఎదురుగా ఉంటుంది, మెల్లగా దిగుతున్న మేతను మధ్యలోనే అందుకుంటాయి. కొరిడోరస్, లోచ్, సక్కర్‌ల నోరు కిందికి ఉంటుంది, అడుక్కి చేరినదే వాటికి దక్కుతుంది. తేలే మేత ఒక్కటే వేస్తే పైవాళ్లు పొట్ట పగిలేలా తింటారు, కిందివాళ్లు పస్తుంటారు.

నోటి తర్వాత పేగు. ఫైటర్ పుట్టుకతో పురుగులు తినే జీవి, దాని పేగు పొట్టిది. మోలీ నాచు గీరుకుని తింటుంది, దానికి ఆకుపచ్చ సరుకు కావాలి. గోల్డ్‌ఫిష్‌కి, కోయికి అసలు జీర్ణాశయమే లేదు, తిన్నది తిన్నట్టు పేగులోకి వెళ్తుంది. అందుకే వాటికి ఒకేసారి గుప్పెడు వేయకుండా కొంచెం కొంచెంగా రెండు మూడుసార్లు వేయాలి.

అంకెల్లో కావాలంటే సుమారుగా ఇలా అనుకోండి. ఫైటర్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్‌లకు ప్రోటీన్ 40 నుంచి 45 శాతం. టెట్రా, ఏంజెల్‌కి 40 దగ్గర. గప్పీకి 35 నుంచి 40. పెద్ద గోల్డ్‌ఫిష్‌కి, మోలీకి, సక్కర్‌కి 30 నుంచి 35 చాలు. "ప్రోటీన్ ఎక్కువైతే మంచిదేగా" అని గోల్డ్‌ఫిష్‌కి ఆస్కార్ మేత వేసేవాళ్లున్నారు. వాడుకోని ప్రోటీన్ అమ్మోనియా అనే విషంగా మారి మీ నీళ్లలోకే వస్తుంది.

పెద్ద డబ్బా కొంటే గ్రాముకి చవక పడుతోంది. కొనొచ్చా?

అందరూ పొరపాటు పడేది ఇక్కడే. ఒకసారి లెక్క వేద్దాం. మీ తొట్టిలో పది గప్పీలున్నాయి. ఒక్కొక్కటి సగటున అర గ్రాము అనుకుంటే మొత్తం 5 గ్రాములు. రోజుకు ఒంటి బరువులో 3 శాతం మేత వేసినా 0.15 గ్రాము, అంటే నెలకు నాలుగున్నర గ్రాములు. 100 గ్రాముల డబ్బా కొంటే 22 నెలలు వస్తుంది!

మూత తీసిన రోజు నుంచే మేత చెడడం మొదలవుతుంది. ముందు పోయేది విటమిన్ సి. అది చాలాకాలం అందకపోతే చేప వెన్ను వంకర తిరుగుతుంది. తర్వాత చేపనూనె ముక్కిపోతుంది. ఆపైన మన చెన్నై గాలి సంగతి చెప్పాలా, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అప్పడాలు కూడా డబ్బాలోనే మెత్తబడతాయి. ఆ తేమకు బూజు పడుతుంది. కొన్ని బూజుల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారై చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది, అదీ కంటికి కనపడకుండానే.

కాబట్టి మూత తీశాక మూడు నెలల్లో అయిపోయే సైజు కొనండి. పది గప్పీలకు 15, 20 గ్రాముల ప్యాకెట్ సరిపోతుంది. ఖరీదైన కంపెనీ పెద్ద డబ్బా పాతబడ్డాక వేసేకన్నా, మధ్యరకం కంపెనీ చిన్న ప్యాకెట్ తాజాగా వేయడం నయం. నా మాట ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

గోనెసంచిలోంచి తూచి కవర్లో కట్టిచ్చే లూజు మేత సంగతేమిటి?

వద్దు. మేతంతా చెడ్డదని కాదు. సంచి మీద ఏముందో మీరు చదవలేదు, ఎప్పుడు విప్పారో తెలియదు, పైగా పారదర్శకంగా ఉండే కవర్లో గాలీ వెలుతురూ రెండూ తగులుతాయి. పెంపకందార్ల దగ్గర ఆ సంచి నాలుగు రోజుల్లో ఖాళీ అవుతుంది, వాళ్లకు ఇబ్బంది లేదు. మనింటికొచ్చేసరికి అదే సరుకు నెలల తరబడి టీవీ పక్కన కూర్చుంటుంది.

సీలు వేసిన ప్యాకెట్ మీద కంపెనీ పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు కూడా ఉండాలి. జపాన్ అక్షరాలు తప్ప ఇంకేమీ లేని డబ్బా "ఇంపోర్టెడ్ సార్" అంటూ చేతికిస్తే నవ్వి పక్కన పెట్టేయండి.

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉన్నదాంట్లో ఏం చూడాలి?

ముందు పదార్థాల జాబితా. మామూలుగా ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. మొదటి రెండు మూడు పేర్లలో ఫిష్‌మీల్ (చేపపొడి), రొయ్య పొడి, స్క్విడ్, క్రిల్, పురుగుల పొడి, లేదా శాకాహార చేపల మేతైతే స్పిరులినా అనే నాచు పొడి కనపడాలి. మొదటి పేరే గోధుమపిండో తవుడో అయితే అది పిండివంట. గుళిక కట్టాలంటే పిండి కొంత తప్పదు, దానికి తప్పు పట్టక్కర్లేదు. కానీ గోధుమపిండి, గోధుమ గ్లూటెన్, గోధుమ పొట్టు అని మూడు ముక్కలుగా విడగొట్టి రాస్తే మూడూ కిందికి జారి ఫిష్‌మీల్ పైకొస్తుంది. అవన్నీ కలిపి చూడండి.

తర్వాత క్రూడ్ ప్రోటీన్. ఈ అంకెను ఎలా కడతారో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. మేతలో నత్రజని ఎంతుందో కొలిచి 6.25తో హెచ్చవేస్తారు, అంతే. ఆ నత్రజని చేపమాంసంలోంచి వచ్చిందా, కోడి ఈకల్లోంచి వచ్చిందా అన్నది ఆ అంకె చెప్పదు. 2007లో అమెరికాలో కుక్కల, పిల్లుల మేతలో మెలమైన్ బయటపడి పెద్ద గొడవైంది. నత్రజని ఎక్కువున్న ఆ రసాయనాన్ని కలిపింది ప్రోటీన్ అంకె పెంచి చూపడానికే. కాబట్టి అంకెనూ జాబితానూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. 45 శాతం ప్రోటీన్ అని రాసి జాబితా అంతా పిండే ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టు.

తేమ 10 శాతం అటూఇటూ ఉండాలి. బూడిద, అంటే యాష్, 15 దాటితే అందులో ఎముక, పొలుసు ఎక్కువని అర్థం. విటమిన్ సి ఫాస్ఫేట్ రూపంలో ఉందని రాసి ఉంటే మంచి గుర్తు, ఆ రూపం త్వరగా పాడవదు.

ఇంటికొచ్చాక మేత మంచిదో కాదో చూసుకునే దారి ఉందా?

ఉంది. మూత తీయగానే వాసన చూడండి. మంచి మేతకు ఎండుచేపల అంగడి వాసన వస్తుంది. ముక్కిన నూనె వాసన, పాత పెయింట్ డబ్బా వాసన వస్తే వెనక్కిచ్చేయండి. ఫ్లేక్స్ (పల్చటి రేకులు) అయితే రెండు వేళ్ల మధ్య నలిపితే కరకరమని విరగాలి. వంగితే తేమ పట్టినట్టే.

ఇంకో పరీక్ష గాజు గ్లాసుతో. గ్లాసు నిండా నీళ్లు పోసి నాలుగైదు పెల్లెట్లు (గుళికలు) వేసి, అరగంట కదపకుండా కిటికీ దగ్గర పెట్టండి. మంచి పెల్లెట్ కాస్త ఉబ్బి మెత్తబడుతుంది కానీ ఆకారం చెడదు, వేలితో నొక్కితే అప్పుడు విడిపోతుంది. నాసిరకమైతే పావుగంటకే అంచులు కరిగి అడుగున మడ్డి చేరుతుంది. పెల్లెట్ చుట్టూ ఎర్రగానో పచ్చగానో పొగలా రంగు దిగి నీళ్లంతా షర్బత్‌లా అయితే అది కృత్రిమ రంగు. ఆ రంగు మన కంటి కోసం వేసినది, చేపకు దాంతో పనిలేదు.

రంగు పెంచే మేతలు పనిచేస్తాయా?

మంచివి పనిచేస్తాయి. ఎరుపు, నారింజ, పసుపు రంగులకు కావలసిన కెరోటినాయిడ్లు చేప ఒంట్లో వాటంతటవి పుట్టవు, తిండిలోంచి రావాలి. క్రిల్, రొయ్య పొట్టులోని అస్టాజాంథిన్, స్పిరులినా, బంతిపూల పొడి అందుకు వాడతారు. ఫలితం వారాల మీద మెల్లగా కనిపిస్తుంది. చేప జాతిలోనే లేని రంగు ఏ మేతా తేలేదు.

అనుమానించాల్సింది వారంలో రంగెక్కే మేతను. లేత వయసులోనే చేపలకు రంగు రావాలని మిథైల్ టెస్టోస్టిరాన్ లాంటి హార్మోన్ వాడే పెంపకందార్లున్నారు. అలాంటి చేపను ఇంటికి తెచ్చి మామూలు మేత వేస్తే రంగు వెలిసిపోతుంది, అప్పుడు తప్పంతా మీ మేతదే అనుకుంటారు. హార్మోన్ తిన్న చేపలు పిల్లలు పెట్టడంలోనూ తేడా వస్తుంది. రంగు మేత మీద పదార్థాల జాబితా లేకపోతే ముట్టుకోవద్దు.

ఫ్లేక్సా, పెల్లెట్లా?

చిన్న నోళ్లకు ఫ్లేక్స్, మిగతా అందరికీ పెల్లెట్లు. ఫ్లేక్స్ కొత్తవేం కాదు, జర్మనీ కంపెనీ టెట్రా 1955లోనే టెట్రామిన్ తెచ్చింది. వాటితో చిక్కేమిటంటే పల్చగా ఉంటాయి కాబట్టి నీళ్లలో పడగానే విటమిన్లు కారిపోతాయి, గాలికి త్వరగా పాడవుతాయి. పెల్లెట్ ఆ విషయంలో గట్టిది. సైజు చూసి కొనండి: గప్పీ, టెట్రాలకు అర మిల్లీమీటరు, ఫైటర్‌కి 1 మి.మీ., మధ్యరకం గోల్డ్‌ఫిష్‌కి 2 మి.మీ. దాకా.

చేప మేతను నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోంది. నచ్చలేదా?

ఎక్కువసార్లు సైజే కారణం. పెద్దదైతే మెత్తబడేదాకా ఉమ్మి మళ్లీ పట్టుకుంటుంది. చెంచాడు తొట్టి నీళ్లలో ఒక నిమిషం నానబెట్టి వేసి చూడండి. అప్పుడూ ఉమ్మేస్తే వాసన చూడండి. కొత్త ప్యాకెట్ వేసినా తినకుండా మూలన నిలబడితే అది మేత విషయం కాదు, ముందు నీళ్లలో అమ్మోనియా పరీక్ష చేయండి.

రోజుకు ఎంత, ఎన్నిసార్లు?

ఒకటి రెండు నిమిషాల్లో అడుక్కి చేరకుండా తినేసేంత, రోజుకు రెండుసార్లు. సక్కర్, కొరిడోరస్‌లకు వేరేగా రాత్రి లైటు ఆపాక మునిగే మేత వేయండి. ఫైటర్‌కి పూటకు రెండు మూడు పెల్లెట్లు దాటొద్దు. వారానికొక రోజు ఉపవాసం పెద్ద చేపలకు మేలే చేస్తుంది. మా ఇంట్లో అది శనివారం, ఆ రోజైతే ఇంట్లో ఎవరూ మర్చిపోరు.

మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది. చాలా ఇళ్లలో వచ్చేది బోరు నీళ్లు, గట్టి నీళ్లు, పీహెచ్ ఎక్కువ. మే నెల ఎండల్లో, ఇక్కడివాళ్లు అగ్ని నక్షత్రం అనే ఆ రోజుల్లో, తొట్టి నీళ్లు 32 డిగ్రీలకు చేరతాయి. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అదే మోతాదు అమ్మోనియా ఎక్కువ విషమవుతుంది, నీళ్లలో ప్రాణవాయువేమో తగ్గుతుంది. చల్లటి ఊళ్లో చెల్లిపోయే అదనపు చిటికెడు ఇక్కడ మే నెలలో చేపను చంపుతుంది.

"వేసిన ప్రతిసారీ ఎగబడుతోంది, పాపం ఆకలేమో" అంటారు. అది ఎప్పుడూ ఎగబడుతుంది. చెరువులో మళ్లీ ఎప్పుడు తిండి దొరుకుతుందో తెలియని జీవి అది, మీ జాలి దానికి అర్థం కాదు.

అన్నం మెతుకులు, బ్రెడ్డు, మరమరాలు వేయొచ్చా? మైలాపూర్ కోనేట్లో అందరూ వేస్తారుగా?

కపాలీశ్వరుడి కోనేరు ఎంత, మీ రెండడుగుల తొట్టి ఎంత? పిండిపదార్థం చేపకు సరిగ్గా అరగదు, మిగిలింది పులిసి నీళ్లు తెల్లబడతాయి. బిస్కెట్, ఇడ్లీ కూడా అంతే. చిన్నపిల్లలున్న ఇల్లయితే తొట్టి మూతకు గొళ్లెం పెట్టించండి.

మేం శాకాహారులం. చేపపొడి లేని మేత దొరుకుతుందా?

స్పిరులినా ముఖ్యంగా ఉండే మేతలు దొరుకుతాయి, కానీ వాటిలో చాలావాటిలో కొంత ఫిష్‌మీల్ ఉంటుంది, జాబితా చదివి తీసుకోండి. తేలికైన దారి చేపను ఎంచుకోవడంలో ఉంది. మోలీ, ప్లాటీ, గోల్డ్‌ఫిష్, సక్కర్ ఆకుకూర ఇష్టంగా తింటాయి. పాలకూర ఆకును వేడినీళ్లలో ఒక నిమిషం ముంచి తీసి, చల్లారాక క్లిప్పుతో అద్దానికి తగిలించండి. కీరదోస చక్రం, తోలు తీసి నలిపిన పచ్చిబఠానీ కూడా. కొన్న ఆకుకూరను ముందు బాగా కడగాలి, పురుగుమందు చేపకు చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. వేసింది సాయంత్రానికి తీసేయండి.

ఇవి అదనంగా వేసేవే, ఒక్క కూరగాయలతో ఏ చేపా నెట్టుకురాలేదు. ఫైటర్, ఆస్కార్‌లనైతే శాకాహారం మీద పెంచడం వాటిని హింసపెట్టడమే. ఇంట్లో అభ్యంతరం ఉంటే ఆ జాతులు తేవద్దు.

సక్కర్ తొట్టి శుభ్రం చేస్తుంది, దానికి వేరే మేత అక్కర్లేదు అన్నారు. నిజమా?

అబద్ధం. అది నాచు గీరుతుంది, అంతేగాని మిగతా చేపల పెంట తిని బతకదు. పొట్ట లోపలికి పోయిన సక్కర్‌లు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో! మునిగే వేఫర్లు, కీరదోస వేయండి. ఒక అడుగు పొడవుకు పైగా పెరుగుతుందని కూడా తెలుసుకుని కొనండి. పెరిగాక చెరువులో వదలొద్దు, కృష్ణలో వల వేసేవాళ్లను ఇప్పటికే ఇది ఏడిపిస్తోంది.

నెల్లూరులో మా బావగారికి రొయ్యల చెరువుంది. రొయ్యల మేత పంపిస్తానంటున్నారు. వాడొచ్చా?

ఈ ప్రశ్న మన వాళ్లకే వస్తుంది! వనామి మేతలో ప్రోటీన్ 35 శాతం పైగానే ఉంటుంది, ఫిష్‌మీల్ ఉంటుంది, నీళ్లలో కరగకుండా గట్టిగా కడతారు. విషమేం కాదు. కొరిడోరస్, లోచ్‌లకు అప్పుడప్పుడు నాలుగు గుళికలు వేయొచ్చు. కానీ అది రొయ్య కోసం లెక్కగట్టిన మేత. అది మునుగుతుంది, గప్పీలూ ఫైటర్లూ దాన్ని వెతుక్కుంటూ కిందికి వెళ్లవు. బావగారు పంపేది కిలోల లెక్కన ఉంటుంది, మీకు కావలసింది గ్రాములు. చెరువు దగ్గర మందు కలిపిన మేత కాదని ముందు అడగండి. బొచ్చె, శీలావతి చెరువుల్లో వేసే తేలే మేత అయితే ప్రోటీన్ ఇంకా తక్కువ, గోల్డ్‌ఫిష్‌కి తప్ప వద్దు.

బతికున్న పురుగులు మంచివా? కాసిమేడు చేపల రేవులో కొన్న రొయ్యలు వేయొచ్చా?

బతికున్న మేతను మించింది లేదు, అది ఎక్కడ పెరిగిందో తెలిస్తే. ట్యూబిఫెక్స్, అదే ఎర్రగా ఉండలా చుట్టుకుని ఉండే దారప్పురుగులు, మురుగు బురదలో పెరుగుతాయి. వాటితోపాటు బ్యాక్టీరియా, భారలోహాలు వస్తాయి. ఎన్నిసార్లు కడిగినా పురుగు కడుపులో ఉన్నది పోదు. గడ్డకట్టించిన బ్లడ్‌వర్మ్స్ మేలు, వారానికి ఒకటి రెండుసార్లు. కొందరికి ఆ పురుగుల వల్ల చర్మం దురద, తుమ్ములు వస్తాయి, చేత్తో ముట్టకుండా చెంచా వాడండి. దోమపిల్లల్ని ఇంట్లో పెంచుదామనుకోవద్దు. కార్పొరేషన్ వాళ్లు చూస్తే జరిమానా వేస్తారు, డెంగీ ఉండనే ఉంది.

గప్పీ, ఫైటర్ పిల్లలకు ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి) గుడ్లు పొదిగించుకోండి. మన వాతావరణం దానికి అచ్చొచ్చింది: లీటరు నీళ్లకు 25 గ్రాముల రాళ్ల ఉప్పు, గాలి పంపు, 28 డిగ్రీలుంటే 24 గంటల్లో నారింజ రంగు చుక్కలు ఈదుతూ కనిపిస్తాయి.

ఆస్కార్‌కి కాసిమేడు రొయ్య తోలు తీసి ముక్క చేసి వారానికోసారి వేయండి. నెత్తళ్లు, కవళ్లు పచ్చివి రోజూ వేయొద్దు, వాటిలోని థయమినేజ్ విటమిన్ బి1ను పాడుచేస్తుంది. చవకగా దొరికే చిన్న గోల్డ్‌ఫిష్‌లను ఆస్కార్ ముందు వదిలేవాళ్లకూ అదే జవాబు, వాటిలోనూ థయమినేజ్ ఉంది, రోగాలు అదనం.

డబ్బా ఫ్రిజ్‌లో పెట్టాలా?

పెట్టొచ్చు, కానీ రోజూ తీసి పెడుతుంటే లోపల తేమ చేరుతుంది. పది రోజులకు సరిపడేది చిన్న గాలిచొరని సీసాలో బయట ఉంచండి, మిగతాది గట్టిగా మూసి ఫ్రిజ్‌లో. బయటకు తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు. తొట్టి మూత మీద, లైటు పక్కన పెట్టే అలవాటు అన్నిటికన్నా చెడ్డది, అక్కడ వేడీ ఉంటుంది, ఆవిరీ ఉంటుంది. తడి చేయి డబ్బాలో పెట్టొద్దు.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం. వారం రోజులు చేపల సంగతి?

ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు తిండి లేకుండా హాయిగా ఉంటాయి. చేపపిల్లలకే ఎవరైనా మేత వేయాలి. ఊరెళ్లేటప్పుడు తొట్టిలో వేసే, మెల్లగా కరిగే తెల్లటి మేత దిమ్మలు (హాలిడే బ్లాకులు) నీళ్లు పాడుచేస్తాయి. పక్కింటివాళ్లకు డబ్బా మొత్తం ఇచ్చి మాధవరంలో బస్సెక్కారంటే వచ్చేసరికి తొట్టి పాలకుండలా ఉంటుంది. పూటపూటకూ కాగితం పొట్లాలు కట్టి, మీద తేదీ రాసి, ఆ పొట్లాలు మాత్రమే ఇవ్వండి.

తుఫానుకు కరెంటు పోతే?

మేత పూర్తిగా ఆపేయండి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ వచ్చినప్పుడు ఎన్నో పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఫిల్టర్ ఆగితే అందులోని మంచి బ్యాక్టీరియా చస్తుంది, అమ్మోనియాను తినేవాళ్లుండరు. కరెంటు రాగానే సంబరంగా మేత వేయకుండా ఫిల్టర్ స్పాంజిని బకెట్‌లోకి తీసిన తొట్టి నీళ్లలో పిండి, కొంత నీళ్లు మార్చి, మర్నాడు సగం మోతాదుతో మొదలుపెట్టండి.

గడువు దాటిన డబ్బా ఏం చేయాలి?

మొక్కలకు వేయండి, నత్రజని, భాస్వరం రెండూ ఉంటాయి. మట్టిలో నాలుగు వేళ్ల లోతున కప్పాలి, లేకపోతే వాసనకు వీధిలో పిల్లులన్నీ మేడెక్కి కుండీలు తవ్వుతాయి. కరివేపాకుకి వేసుకోవచ్చు. తులసి కోటలో మాత్రం వద్దు, అందులో ఉన్నది చేపపొడి అని ఇంట్లో పెద్దవాళ్లకు తెలిస్తే మీ మేత కూడా ఆగుతుంది.